ఊరి మాటల బొంత కుట్టడం ఎలా?

తమ ఊరి మాటలను గుడ్డ మీద కుట్టి, ఆ ముక్కలన్నిటినీ ఒకే బొంతగా కలపడం గోదావరి డెల్టాలో ఏ వీధివారైనా చేయగలిగిన పని. కాలువలు కట్టేసి, సార్వా (తొలకరి వరి) నాట్లు ఇంకా మొదలుకాని వేసవి రోజులు ఇందుకు అనువుగా ఉంటాయి.

మాటలను నిఘంటువులో వెతకకుండా నోటి నుంచి తీసుకోవాలి. సార్వా, దాళవా (రెండో పంట), బోదె (చిన్న పంటకాలువ), పుంత (పొలాల మధ్య బండిదారి), లంక (నదిలోని దిబ్బ), ఆయ్ (మర్యాదగా పలికే ‘ఊఁ’) వంటివాటిలో తమ ఇంట్లో నలిగిన మాటను ఒక్కొక్కరూ ఎంచుకుని, సొంత చేతిరాతతో కాగితం మీద పెద్దగా రాయాలి. కంప్యూటరు అక్షరాలను అచ్చు తీసి కుడితే బొంత దుకాణం బోర్డులా తయారవుతుంది. రాయడం రాని మామ్మగారి మాటను మనవరాలు రాసిపెట్టవచ్చు గాని, ఆవిడ ‘గోదారి’ అంటే దానిని ‘గోదావరి’ అని దిద్దకూడదు.

బండారులంక వంటి చేనేత ఊళ్లలో నేసిన నూలుగుడ్డ గాని, మెత్తబడిన పాత నూలు చీర గాని పనికివస్తుంది. కొత్త గుడ్డను ముందుగా గంజి పోయేలా ఉతికి ఆరబెట్టకపోతే, తరువాతి ఉతుకులో అది కుదించుకుపోయి అక్షరాల చుట్టూ ముడతలు పడతాయి. 13 అంగుళాల చదరపు ముక్కలు 20 కత్తిరించి, నాలుగు వైపులా అర అంగుళం అతుకులకు వదిలితే, బొంత 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల పొడవు వస్తుంది. ఎర్ర దారం, ముదురు నీలం దారం రంగు దిగేదీ లేనిదీ తడి తెల్లగుడ్డ మీద రుద్ది చూసుకోవాలి.

రాతను బటర్ పేపరు మీదికి ఎత్తి, గీత వెంట సూదితో దగ్గర దగ్గరగా చిల్లులు పొడిచి, కిరసనాయిలులో కలిపిన నీలిమందును దూదితో పలచగా అద్దితే అచ్చు పడుతుంది. దూది మరీ తడిగా ఉంటే గీత పాకిపోతుంది.

అసలు నేర్పు కావలసింది అక్షరాల దగ్గరే. మన అక్షరాలు వంపులమయం కనుక, వెడల్పుగా పరుచుకునే గొలుసుకుట్టు కంటే కాడకుట్టు బాగా నప్పుతుందని నా అభిప్రాయం. ఆరు పోగుల దారంలో మూడు పోగులే తీసుకుని, ప్రతి కుట్టునూ ముందరి కుట్టు సగంలో నుంచి పైకి తీస్తూ, దారాన్ని ఎప్పుడూ సూదికి ఒకే పక్కన ఉంచాలి. వంపు బిగువుగా తిరిగేచోట కుట్లు చిన్నవి కావాలి, లేకపోతే సున్న పలకలు తేలుతుంది. ‘సార్వా’లో వ ఒత్తు గీత కిందికి దిగుతుంది కాబట్టి, అక్షరం ఎత్తు రెండు అంగుళాలకు తగ్గకుండా, దాని కింద మరో అంగుళం ఖాళీగా వదలాలి. ఇరుకున పెట్టిన ఒత్తు దారంతో పూడిపోయి చుక్కలా మిగులుతుంది.

ముక్కలను మిషను మీద అతికి, కింద రెండు పొరలు పాత చీర పరిచి, నడిమి నుంచి అంచులకు టాకాలు (తరువాత విప్పేసే పెద్ద కుట్లు) వేసుకుని, అక్షరాల మీదుగా పోకుండా బొంతకుట్టు వేయాలి.

అంచుకు నరసాపురం లేసు అందం తెస్తుంది. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా ఇక్కడికి వచ్చి, ఆడవారి చేతుల్లో పెరిగిన ఈ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. కుట్టుపని రానివారు ఈ పని అందుకోవచ్చు. చుట్టుకొలత 18 అడుగులే అయినా మూలల్లో లేసు లాగకుండా తిరగాలి కనుక, అక్కడ కొన్ని కుట్లు ఎక్కువ అల్లాలి.

పంచాయతీ కార్యాలయంలోనో గ్రంథాలయంలోనో వేలాడదీసేటట్లయితే, వెనుక పైఅంచున గుడ్డపట్టీ కుట్టి అందులో వెదురు కర్ర దూర్చాలి. వానాకాలపు చెమ్మకు బూజు పట్టకుండా, బొంతను గోడకు ఆనించక కాస్త ఎడంగా ఉంచాలి. తీసి దాచేటప్పుడు ప్లాస్టిక్ సంచిలో కాక, పాత పంచెలో చుట్టి దాచాలి.