గుర్రం పిల్ల పుట్టాక మొదటి వారం: ఏం కనిపిస్తే ఏం చేయాలి

మాది గజపతినగరం దగ్గర పల్లెటూరు. ఇంట్లో రెండు ఆడగుర్రాలున్నాయి, పెళ్ళిళ్ళకీ ఊరేగింపులకీ తిప్పుతాం. మా వైపు ఆవు ఈనితే ఏం చేయాలో చిన్నపిల్లలు కూడా చెప్తారు, గుర్రం ఈనితే చెప్పేవాళ్ళే దొరకరు, అందుకని అందరం ఆవుకి చేసిందే గుర్రానికీ చేసేస్తాం. మొదటి ఈతలో మేమూ అదే చేశాం. మాయ, అంటే కడుపులో పిల్లని చుట్టుకుని ఉండే పొర, పడేదాకా పిల్లకి పాలు పట్టొద్దని ఇంట్లో పెద్దాయన అన్నారు, గేదెకి తెల్లారేసరికి పడుతుంది కదా దీనికీ పడుతుందిలే అని అందరం పడుకున్నాం. పిల్ల మూడో రోజు పోయింది. తల్లి బతికింది గానీ గిట్టలు పాడై నెలల తరబడి సరిగ్గా నడవలేదు. గుర్రం ఆవు కాదని ఆ రోజు ఎవరైనా చెప్పుంటే బాగుండేది, అందుకే ఇదంతా రాస్తున్నాను.

పిల్ల నేల మీద పడగానే ఫోన్‌లో టైం చూసి రాసుకోండి. గంటలో పిల్ల లేవాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో మాయ పడాలి. అటూ ఇటూ కాస్త తేడా రావచ్చు గానీ, ఈ మూడింటిలో ఏది బాగా ఆలస్యమైనా డాక్టర్‌కి ఫోన్ చేయండి, చూద్దాంలే అనుకోవద్దు.

మూడు గంటలైంది, మాయ పడలేదు

ఆవుకి, గేదెకి సగం రోజు ఆగినా మామూలుగా ప్రాణం మీదికి రాదు. గుర్రానికి అలా కాదు. మూడు గంటలు దాటితే ఫోన్ చేయాలి, ఆరు గంటలు దాటితే అది ప్రాణాపాయమే అనుకోవాలి. లోపల మిగిలిపోయిన ముక్క కుళ్ళి ఆ విషం రక్తంలో కలుస్తుంది, జ్వరం వస్తుంది, అక్కడి నుంచి గిట్టల లోపల వాపు మొదలవుతుంది. గిట్టలు చేతికి వేడిగా తగలడం, గుర్రం ముందుకాళ్ళు చాపి బరువంతా వెనక్కి వేసి నిలబడటం, అడుగు వేయమంటే మొరాయించడం, ఇవి కనిపించాయంటే ఇప్పటికే ఆలస్యమైనట్టు.

వేలాడుతున్న మాయని లాగకండి, రాయి గానీ చెప్పు గానీ కట్టి వేలాడదీయకండి. లాగితే లోపల చిరిగి రక్తం పోతుంది, లేదా గర్భసంచే తిరగబడి బయటికి వస్తుంది. కాళ్ళకి తగిలి తొక్కకుండా దాన్ని పైకి మడిచి గుడ్డపీలికతో ముడి వేయండి, అంతే. పిల్లని మాత్రం పాలు తాగనివ్వండి. పిల్ల చీకుతుంటే తల్లి గర్భసంచి ముడుచుకుని మాయ పడటానికి అదే సాయం చేస్తుంది, అంటే మేం చేసింది సరిగ్గా దానికి తలకిందులు. ఆ పైన డాక్టర్ ఇంజెక్షన్లు ఇస్తారు.

మాయ పడ్డాక పారేయకండి, కుక్కలకి అందనివ్వకండి. నేల మీద పరిస్తే ప్యాంటులా రెండు కాళ్ళుంటాయి, ఆ రెండు కొసలూ పూర్తిగా ఉన్నాయా చూడండి. ఒక కొస తెగినట్టుంటే ఆ ముక్క లోపలే ఉంది. డాక్టర్ వచ్చేదాకా బక్కెట్‌లో నీళ్ళు పోసి అందులో ఉంచండి.

1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. చెప్పేటప్పుడు గుర్రం అని, ఈని ఎన్ని గంటలైందో ముందే చెప్పండి, ఎందుకంటే పశువు అనగానే అవతలివాళ్ళు ఆవే అనుకుంటారు. కేసు పెద్దదైతే మన జిల్లాలో గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఈనే నెలకి ముందే దారి, బండి అన్నీ అనుకుని పెట్టుకుంటే అర్ధరాత్రి టెన్షన్ ఉండదు.

లేచింది, కానీ పాలు తాగట్లేదు

ముందు ఇది ఎందుకంత ముఖ్యమో చెప్తాను. మనిషి బిడ్డకి తల్లి కడుపులో ఉండగానే రోగాలని తట్టుకునే శక్తి కొంత వస్తుంది. గుర్రం పిల్లకి దాదాపు ఏమీ రాదు, అదంతా జున్నుపాలలోంచే రావాలి. ఆ శక్తిని పిల్ల పేగు పీల్చుకునేది మొదటి కొన్ని గంటల్లోనే, 12 గంటలకి బాగా తగ్గిపోతుంది, 24 గంటలు దాటితే ఎన్ని జున్నుపాలు పట్టినా కడుపు నిండుతుందే తప్ప ఆ రక్షణ రాదు. కాబట్టి గుర్రం జున్నుపాలు ఒక్క చుక్క కూడా పక్కన పెట్టకండి.

పిల్ల గోడని, తల్లి ముందుకాళ్ళని మూతితో తడుముతూ తిరుగుతుంటే దానికి దారి తెలియలేదంతే. మెడ పట్టి లాగకుండా, వెనక నుంచి మెల్లగా పొదుగు వైపు తోసి, ఒక చుక్క పిండి పెదాలకి రాయండి. మా రెండో పిల్ల ఇలాగే నలభై నిమిషాలు తిరిగి తిరిగి తనంతట తనే పట్టుకుంది. వేలు శుభ్రంగా కడిగి నోట్లో పెడితే గట్టిగా చీకాలి. చీకడం లేదంటే పిల్లలోనే ఏదో బలహీనత ఉంది: నెలలు నిండకపోవడం, చలి, పుట్టేటప్పుడు ఊపిరి అందకపోవడం. అలాంటి పిల్ల తల్లినే గుర్తుపట్టనట్టు ఒక మూల నిలబడుతుంది. ఒళ్ళు తుడిచి, గోనెసంచి కప్పి, వెంటనే డాక్టర్‌ని పిలవండి, అవసరమైతే ముక్కులోంచి సన్నని గొట్టం వేసి పాలు పట్టాల్సింది ఆయనే.

చీకుతోంది గానీ నిలబడలేకపోతోందంటే తల్లి పాలు శుభ్రమైన గిన్నెలోకి పిండి, పాలపీక సీసాతో పట్టొచ్చు. మన నాటు గుర్రం పిల్ల 20, 30 కిలోలుంటుంది కాబట్టి గంటకోసారి 100 నుంచి 150 మిల్లీలీటర్లు సరిపోతాయి. సీసా పొదుగు ఎత్తులోనే పట్టండి, తల పైకెత్తొద్దు. దూడకి మందు పోసినట్టు వెదురు గొట్టంతో గొంతులో పోయడం మాత్రం ఎప్పుడూ వద్దు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. తాగాక ముక్కులోంచి పాలు కారుతుంటే అంగిలి చీలి ఉండొచ్చు, పాలు ఆపి చూపించండి.

తాగుతోందో లేదో అనుమానమైతే పిల్లని కాదు పొదుగుని చూడండి. పొదుగు బిగిసి పాలు కారుతూ, పిల్ల నుదురంతా పాలతో తడిసి ఉంటే పిల్ల కింద నిలబడుతోంది కానీ తాగట్లేదు. ఆరోగ్యంగా ఉన్న పిల్ల గంటకి ఐదారు సార్లు తాగుతుంది. రెండు మూడు గంటలు తాగలేదంటే ఏ జబ్బుకైనా మొదటి గుర్తు అదే.

తల్లి దగ్గరికి రానివ్వట్లేదు

తొలిచూలు గుర్రాల్లో ఇది మామూలే. పొదుగు నొప్పి వల్ల కావచ్చు, భయం వల్ల కావచ్చు. గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డతో పొదుగు కాపడం పెట్టి, కొంచెం పాలు పిండి బరువు తగ్గించండి. ఒకరు తల్లిని పట్టుకుని, పిల్ల ఉన్న వైపు ముందుకాలు ఎత్తి పట్టుకుంటే తన్నలేదు. కొట్టకండి, సాలలో జనాన్ని పోగు చేయకండి. పొదుగులో ఒక సగం మాత్రమే వేడిగా, గట్టిగా ఉండి పాలు గడ్డలుగా వస్తుంటే అది పొదుగువాపు, దానికి మందు వాడాల్సిందే.

తల్లికి పాలే లేవు, లేదా తల్లి పోయింది

మొదటి రోజైతే జున్నుపాలు దొరికే దారి కోసం డాక్టర్‌ని అడగండి. ఆ తర్వాత మేకపాలు బాగానే పడతాయి. ఆవుపాలలో గుర్రం పాలకన్నా కొవ్వు ఎక్కువ, తీపి తక్కువ, కాబట్టి వెన్న తీసిన పాలు తీసుకుని లీటరుకి 20 గ్రాముల గ్లూకోజ్ పొడి కలపండి. పంచదార వద్దు, బెల్లం అసలే వద్దు, ఈ వయసులో వాటిని అరిగించుకునే శక్తి గుర్రం పిల్లకి లేదు, పారుకుంటుంది. మొదటి రోజు పిల్ల బరువులో పదో వంతు, వారం అయ్యేసరికి ఐదో వంతు దాకా, రాత్రి పూట కూడా గంట, రెండు గంటలకోసారి పట్టాలి. ఇద్దరు వంతులేసుకుంటే తప్ప కాదు.

పిల్ల తోకెత్తి ముక్కుతోంది

పుట్టాక మొదటి రోజులోగా నల్లగా, జిగటగా ఉండే తొలి లద్దె వచ్చేయాలి. మగపిల్లల్లో కటి ఇరుకు, అందుకే వాటికి ఎక్కువ బిగుసుకుంటుంది. ఆముదం తాగించకండి. గోరువెచ్చటి నీళ్ళలో కొంచెం మెత్తటి సబ్బు కలిపి, మెత్తని రబ్బరు గొట్టంతో ఒక గ్లాసు మించకుండా, పిచికారీతో తోయకుండా వాటంతట అవే జారేలా ఎనిమా ఇవ్వొచ్చు. ఒకసారికి రాకపోతే మీరు ఆపేసి డాక్టర్‌కి వదిలేయండి.

నిలబడే తీరు కూడా గమనించండి. నడుం పైకి వంచి ముక్కితే లద్దె కోసం. కాళ్ళు చాపి, నడుం కిందికి దించి ముక్కుతూ, రెండు మూడు రోజుల్లో కడుపు ఉబ్బుతుంటే మూత్రసంచి పగిలి ఉండొచ్చు. దానికి ఆపరేషనే, ఇంట్లో చేసేదేమీ లేదు.

బొడ్డు తడిగా ఉంది, లేదా పిల్ల కుంటుతోంది

ఈ రెండూ ఒకేచోట రాస్తున్నాను, ఎందుకంటే చాలాసార్లు రోగం బొడ్డులోంచే లోపలికి పోయి కీళ్ళలో దిగుతుంది. బొడ్డుతాడు కత్తిరించొద్దు, తల్లి లేచినప్పుడు దానంతట అదే తెగుతుంది. తెగాక పలచన చేసిన క్లోర్‌హెక్సిడిన్ గానీ పోవిడోన్ అయోడిన్ గానీ చిన్న కప్పులో పోసి రోజుకి మూడు నాలుగు సార్లు ముంచండి, రెండు మూడు రోజులు. పిడక బూడిద, పేడ పెట్టడం మన దగ్గర ఇంకా ఉంది. ధనుర్వాతం గుర్రానికి పట్టినంత తేలిగ్గా మరే పశువుకీ పట్టదు, ఆ పేడలో, బూడిదలో దాని క్రిములు ఉండొచ్చు. తల్లికి ఈనడానికి నెల, నెలన్నర ముందు టీటీ వేయిస్తే జున్నుపాలతో పిల్లకీ రక్షణ వస్తుంది.

బొడ్డులోంచి మూత్రం చుక్కలుగా కారినా, బొడ్డు లావెక్కినా చూపించండి. కీలు వాచి పిల్ల కుంటుతుంటే తల్లి తొక్కిందని సర్దుకోకండి. నెల లోపు పిల్ల కుంటిందంటే కీలులో చీము అనే అనుకుని అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

పారుకుంటోంది

వారం, పది రోజుల వయసులో, తల్లి మళ్ళీ ఎదకి వచ్చే రోజుల్లో, పిల్లకి కొంచెం పలచగా అవుతుంది. హుషారుగా గెంతుతూ పాలు తాగుతుంటే మందేమీ వద్దు, వెనక భాగం కడిగి వాజలీన్ రాస్తే చాలు. పాలు మానినా, 102 డిగ్రీలు దాటి జ్వరం ఉన్నా, నీళ్ళలా పోతున్నా ఆగకండి. అంతకన్నా చిన్న పిల్లకి, అంటే మొదటి నాలుగు రోజుల్లో, చిగుళ్ళు పచ్చబడి మూత్రం ఎర్రగా వస్తే అది వేరే జబ్బు, తల్లి జున్నుపాలే దాని రక్తాన్ని విరిచేస్తున్నాయి. వెంటనే తల్లి దగ్గర తాగడం ఆపి డాక్టర్‌ని పిలవండి.

తల్లి చిక్కిపోతోంది

పాలిచ్చే గుర్రం మామూలుకన్నా ఎంతో ఎక్కువ తింటుంది. 300 కిలోల గుర్రానికి ఎండుమేత లెక్కన 8, 9 కిలోలు పట్టొచ్చు, నీళ్ళు 30, 40 లీటర్లు. ఒక్క వరిగడ్డితో కాదు. పచ్చగడ్డి, మంచి ఎండుగడ్డి, ఉడికించిన ఉలవలు రెండు మూడు పూటలుగా, పది రోజుల్లో మెల్లగా పెంచుతూ పెట్టండి. తవుడు ఎక్కువైతే కాల్షియం సరిపోదు. కుడితి, మిగిలిన అన్నం పోయకండి, కడుపునొప్పి పట్టుకుంటుంది. గింజ పట్టిన జనుము వద్దు. ఆవుల దాణా బస్తా అసలే వద్దు, కొన్నింటిలో కలిపే మోనెన్సిన్ అనే మందు ఆవుకి మేలు చేసినా గుర్రం గుండెని ఆపేస్తుంది.

పిల్ల తల్లి లద్దె తింటోంది

ఇది జబ్బు కాదు, మేత అరిగించుకోవడానికి కావలసిన సూక్ష్మజీవులు దానికి అలాగే వస్తాయి. మట్టి తినే దూడకి కట్టినట్టు మూతికి చిక్కం కట్టకండి, కడితే పాలు కూడా తాగలేదు.