బీరువాలోని స్పేర్ స్విచ్‌ను నెట్‌వర్క్‌లో కలపడం ఎలా?

కాలేజీ ల్యాబ్‌లో 24 పోర్టుల స్విచ్ ఒకటి కాలిపోయింది. స్టోర్ రూమ్ బీరువాలో అదే మోడల్‌ది దుమ్ము పట్టి ఉంది. తుడిచి, ర్యాక్‌లో బిగించి, అప్‌లింక్ కేబుల్ (మిగతా నెట్‌వర్క్‌తో కలిపేది) గుచ్చాను. నిమిషం తిరక్కుండానే అడ్మిన్ బ్లాక్ నుంచి ఫోన్: "సార్, నెట్ పోయింది." ఆ వెంటనే లైబ్రరీ, తర్వాత హాస్టల్. నేను ముట్టుకున్నది మూడో అంతస్తు ల్యాబ్‌ని, పడిపోయింది క్యాంపస్ మొత్తం.

తప్పు కేబుల్‌ది కాదు. ఆ స్విచ్ తన పాత నెట్‌వర్క్‌ను మర్చిపోలేదు, నేను మరిపించలేదు. అందుకే ఈ పనిలో సగం కష్టం కేబుల్ గుచ్చకముందే పడాలి. ఇక్కడ చెప్పేది సిస్కో క్యాటలిస్ట్ 2960 తరహా స్విచ్‌ల గురించి. వేరే కంపెనీలవాటిలో కమాండ్లు మారతాయి, జాగ్రత్తలు చాలావరకు ఇవే.

బల్ల మీద పెట్టి తుడిచేయండి

కరెంటు ఇవ్వండి. నెట్‌వర్క్ కేబుల్ మాత్రం ఒక్కటి కూడా వద్దు, ల్యాప్‌టాప్ నుంచి కన్సోల్ కేబుల్ (స్విచ్‌కు నేరుగా కమాండ్లు ఇచ్చేది) చాలు. పుట్టీ (PuTTY) ప్రోగ్రామ్‌లో స్పీడ్ 9600 పెట్టి ఎంటర్ కొడితే ప్రాంప్ట్ వస్తుంది. పాస్‌వర్డ్ అడిగిందా? అది తెలిసినాయన ఎప్పుడో ఉద్యోగం మానేసి ఉంటాడు, మామూలే. కరెంటు తీసి, ముందువైపు మోడ్ బటన్ నొక్కిపట్టి మళ్లీ ఇవ్వండి. బూట్ లోడర్‌లో ఆగుతుంది. అక్కడ ఫ్లాష్‌ను (స్విచ్ లోపలి స్టోరేజీని) లేపి, కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలు పేరు మార్చి "బూట్" కొడితే పాస్‌వర్డ్ అడక్కుండా లేస్తుంది.

ఇప్పుడు "షో వీటీపీ స్టేటస్" కొట్టి, రివిజన్ నంబర్ చూడండి. ఒకే స్విచ్‌ల మీద నడుస్తూనే విడివిడిగా ఉండే నెట్‌వర్క్ భాగాలే వీల్యాన్‌లు. వాటి జాబితాను స్విచ్‌లు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతే వీటీపీ. జాబితాలో మార్పు జరిగిన ప్రతిసారీ ఈ నంబర్ పెరుగుతుంది. డొమైన్ పేరు, పాస్‌వర్డ్ కలిస్తే చాలు, పెద్ద నంబర్ ఎవరిదైతే వాళ్ల మాటే వేదం. మాది 31, బీరువాలోదానిది 58. దాని జాబితాలో మా వీల్యాన్‌లు లేవు కాబట్టి మిగతా స్విచ్‌లన్నీ బుద్ధిగా వాటిని తీసేశాయి. పాత స్విచ్ క్లయింట్ మోడ్‌లో (జాబితాను చేత్తో మార్చనివ్వని మోడ్) ఉన్నా ఇది జరుగుతుంది. "క్లయింటే కదా, ఏం చేస్తుందిలే" అనుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి. వీటీపీ వెర్షన్ 3లో ప్రైమరీ సర్వర్‌గా పెట్టిన స్విచ్ తప్ప ఇంకెవరూ జాబితా మార్చలేరు. పాత 1, 2 వెర్షన్లలో ఆ రక్షణ లేదు.

కాన్ఫిగ్ చెరిపే "రైట్ ఎరేజ్" (write erase) కొడితే అంతా పోయిందనుకుంటాం. పోదు. వీల్యాన్‌ల జాబితా ఫ్లాష్‌లో వీల్యాన్.డాట్ (vlan.dat) అనే వేరే ఫైలులో ఉంటుంది, దాన్ని విడిగా డిలీట్ చేయాలి. రెండూ అయ్యాక రీలోడ్. సేవ్ చేయమంటావా అని అడిగితే వద్దనండి. లేచాక వీటీపీ మోడ్‌ను ట్రాన్స్‌పరెంట్‌కు (వేరేవాళ్ల జాబితాను పట్టించుకోని మోడ్) మార్చి, రివిజన్ సున్నా అయిందో లేదో కళ్లారా చూసుకోండి. ల్యాబ్‌కి కావలసిన వీల్యాన్‌లు మూడో నాలుగో, చేత్తో రాసుకుంటే సరి.

ఊరూ పేరూ ఇవ్వండి

హోస్ట్ నేమ్, మేనేజ్‌మెంట్ వీల్యాన్‌లో ఐపీ, డిఫాల్ట్ గేట్‌వే, ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యేందుకు), కొత్త పాస్‌వర్డ్. ఇచ్చే ఐపీకి పింగ్ రాకపోతే ఖాళీ అనుకోవద్దు, ఆ పరికరం ఆఫ్‌లో ఉండొచ్చు. ఐపీలు రాసుకున్న రిజిస్టర్ చూడండి.

తర్వాత స్పానింగ్ ట్రీ, అంటే స్విచ్‌ల మధ్య డేటా గుండ్రంగా తిరిగిపోకుండా ఆపే పద్ధతి. ప్రయారిటీ నంబర్ తక్కువ ఉన్న స్విచ్ రూట్ (root, అన్నిటికీ పెద్ద) అవుతుంది. ఎవరూ ఏమీ మార్చకపోతే అన్నిటికీ 32768 ఉంటుంది, అప్పుడు చిన్న మ్యాక్ అడ్రస్ (పరికరానికి ఫ్యాక్టరీలో ఇచ్చిన నంబర్) ఉన్నది గెలుస్తుంది. పాత స్విచ్‌లకు చాలాసార్లు చిన్న మ్యాకే ఉంటుంది. అంటే బీరువాలోంచి వచ్చిన ముసలిది కోర్ స్విచ్‌ను (నెట్‌వర్క్ మధ్యలోని ప్రధాన స్విచ్) పక్కకు నెట్టి పెద్దరికం చేస్తుంది. కోర్‌లో ప్రయారిటీ 4096 పెట్టండి, దీనికి 61440 ఇవ్వండి. ఈ నంబర్ 4096 గుణిజాల్లోనే ఉండాలి.

అప్‌లింక్

అవతలి స్విచ్‌లో ఆ పోర్టు ఎలా ఉందో ముందు చూడండి. పీసీల కోసం బీపీడీయూ గార్డ్ (స్పానింగ్ ట్రీ సందేశం వస్తే పోర్టును మూసేది) పెట్టిన పోర్టులో స్విచ్ గుచ్చితే ఆ పోర్టు ఎర్ర్-డిసేబుల్‌లోకి పోతుంది, అంటే మూతపడుతుంది. గార్డ్ తీసి ట్రంక్ (చాలా వీల్యాన్‌లను ఒకే తీగ మీద మోసే పోర్టు) చేయండి, తర్వాత షట్, నో షట్ కొడితే లేస్తుంది. నేటివ్ వీల్యాన్ (ట్రంక్‌లో ట్యాగ్ లేకుండా పోయేది) రెండు వైపులా ఒకటే ఉండాలి.

అవతలి స్విచ్ దూరంలో ఉంటే, ముట్టుకునే ముందు దాని కాన్ఫిగ్ సేవ్ చేసి "రీలోడ్ ఇన్ 10" కొట్టి పెట్టుకోండి. మనల్ని మనమే బయటికి నెట్టుకున్నా పది నిమిషాలకు రీస్టార్ట్ అయి పాత కాన్ఫిగ్‌తో తిరిగి వస్తుంది. అంతా బాగుంటే "రీలోడ్ క్యాన్సిల్". ట్రంక్‌కి కొత్త వీల్యాన్ కలిపేటప్పుడు "అలౌడ్ వీల్యాన్" తర్వాత "యాడ్" అనే మాట మరవద్దు. మరిస్తే ఉన్నవన్నీ పోయి ఆ ఒక్కటే మిగులుతుంది. ఈ పొరపాటు చేయని అడ్మిన్‌ను నేనింకా చూడలేదు.

కేబుల్ గుచ్చాక లైటు కాసేపు నారింజ రంగులోనే ఉంటుంది. పాత స్పానింగ్ ట్రీలో వినడానికి 15 సెకన్లు, నేర్చుకోవడానికి 15 సెకన్లు. కంగారుపడి పీకొద్దు. పచ్చగా మారాక ట్రంక్‌లో వీల్యాన్‌లన్నీ వచ్చాయా, రూట్ ఇంకా కోర్ స్విచ్చేనా చూడండి. ఒక్కో వీల్యాన్‌లో ఒక్కో పీసీ పెట్టి ఐపీ వస్తోందా అని కూడా చూసి, అప్పుడు కాన్ఫిగ్ సేవ్ చేసే "రైట్ మెమరీ" (write memory). ఇది మరిస్తే, కరెంటు పోయి వచ్చేసరికి స్విచ్ ఖాళీ బుర్రతో లేస్తుంది.

ఇక రేపెప్పుడైనా పాడవని స్విచ్‌ను ర్యాక్ నుంచి తీసి బీరువాలో పెట్టాల్సి వస్తే, ముందు వీల్యాన్.డాట్ డిలీట్ చేసి, పైన టేపు అంటించి "తుడిచినది" అని తేదీతో రాయండి. మా బీరువాలో ఇప్పుడు రెండున్నాయి, రెండింటి మీదా టేపు ఉంది.