కారు హ్యాండిల్ తాకినా లాక్ పడట్లేదా?

కొన్ని కార్లకు రిమోట్ తాళం జేబులో ఉంటే చాలు, హ్యాండిల్ తాకగానే లాక్ పడుతుంది. అలాంటి కారులో మైపాడు, కొత్తపట్నం బీచ్‌కి వెళ్లొచ్చాక హ్యాండిల్ తాకితే ఒకసారి లాక్ పడుతుంది, ఇంకోసారి ఉలకదు పలకదు. షోరూమ్‌కి పరిగెత్తే ముందు ఇది చేసి చూడండి.

సముద్రపు గాలికి హ్యాండిల్ మీద ఉప్పు, దుమ్ము పొరలా అంటుకుంటాయి. మెత్తటి గుడ్డ మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండి, హ్యాండిల్ బయటా లోపలి వైపూ తుడవండి. తర్వాత పొడిగుడ్డతో తడి లేకుండా తుడవాలి. లోపలి వైపు చాలామంది వదిలేస్తారు, అన్‌లాక్ సెన్సార్ ఎక్కువ కార్లలో ఉండేది అక్కడే. లాక్ చేసేటప్పుడు హ్యాండిల్‌ని గుప్పిట పట్టొద్దు. లోపలి అన్‌లాక్ సెన్సార్, బయటి లాక్ సెన్సార్ రెండూ ఒకేసారి తగిలితే లాక్ పడకపోవచ్చు. హ్యాండిల్ బయటివైపు గీత ఉన్నచోట ఒక్క వేలితో తాకితే చాలు.

అప్పటికీ మొరాయిస్తే, రిమోట్ తాళం ఫోన్ ఉన్న జేబులో కాకుండా వేరే జేబులో పెట్టి చూడండి. తర్వాత తాళంలోని బిళ్ల బ్యాటరీ మార్చండి. చాలావాటిలో 3 వోల్టుల సీఆర్ 2032 ఉంటుంది, అయినా పాతదాని మీద నంబరు చూసే కొనండి. తీసిన బిళ్ల పిల్లల చేతికి అందనివ్వకండి, మింగితే ప్రాణం మీదికొస్తుంది.

రిమోట్ బటన్ నొక్కినా తలుపు తెరుచుకోక, లోపల లైట్లు కూడా మసగ్గా వెలుగుతుంటే ఇవేవీ పనిచేయవు. అది కారు బ్యాటరీ దిగిపోవడం. తాళంలో దాగి ఉండే ఇనుప తాళంచెవితో తలుపు తీసి మెకానిక్‌ని పిలవండి.