పిల్లికూన మంచి తిండి ముట్టడం లేదా? సమస్య - పరిష్కారం

పిల్లికూన తిండి దగ్గర పేచీ పెడుతోందనగానే చాలామంది చేసే మొదటి పని కొత్త రకం ఆహారం కొనడం. దానికీ మూతి పెట్టకపోతే ఇంకొకటి కొంటారు. సగం సగం వాడిన ప్యాకెట్లు నాలుగు పోగయ్యాక, ఈ కూనకు ఏదీ నచ్చదని తేల్చేస్తారు. ఇంత చేసినవారు కూడా చేయకుండా వదిలేసే పని ఒకటుంది, కూనను త్రాసు మీద పెట్టి తూచడం. ఎన్నిసార్లు చెప్పినా దీన్ని పట్టించుకునేవారు తక్కువ. గిన్నెలో ఎంత మిగిలిందన్న దానికంటే కూన ఎంత పెరిగిందన్నదే ముందు తేలవలసిన విషయం.

గ్రాములు చూపే వంటింటి త్రాసు ఇందుకు చాలు. రోజూ ఒకే వేళకు, తిండి పెట్టక ముందు తూచి రాసుకోవాలి. పాలు మాని ఘనాహారానికి అలవాటు పడుతున్న ఆరోగ్యవంతమైన కూన రోజుకు 10 నుంచి 15 గ్రాములు, అంటే వారానికి సుమారు 100 గ్రాములు పెరుగుతుంది. మొదటి కొద్ది నెలల్లో నెలకు సుమారు 450 గ్రాముల చొప్పున లెక్క వేసుకుంటే 2 నెలలకు 900 గ్రాములు, 4 నెలలకు 1,800 గ్రాముల దగ్గర ఉంటుంది. కొంచెం అటూ ఇటూ అయినా కంగారు లేదు కానీ, అంకె రోజురోజుకూ పైకి పోతూ ఉండాలి.

ముందుగా ఒక హద్దు గీసుకుందాం. 2 నెలలు నిండని కూన 12 గంటలు, అంతకంటే పెద్దది 24 గంటలు ఏమీ తినకపోయినా, రెండు రోజులు వరసగా బరువు తగ్గినా, వాంతులు, విరేచనాలు, మందకొడితనం తోడైనా, ఈ వ్యాసాన్ని పక్కన పెట్టి వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాలి. చిన్న కూనల ఒంట్లో నిల్వలు చాలా తక్కువ కనుక రక్తంలో చక్కెర త్వరగా పడిపోతుంది. రేపటి దాకా చూద్దామనే వ్యవధి వాటికి ఉండదు.

లక్షణం: గిన్నె ముట్టదు, బరువు మాత్రం పెరుగుతోంది

కారణం చెప్పడానికి పెద్దగా ఆలోచించనక్కర లేదు. ఎక్కడో తింటోంది. పిల్లలు చిరుతిళ్లు పెడుతుంటారు, ఇంకెవరో పాలు పోస్తుంటారు, పెద్ద పిల్లి గిన్నె నేల మీదే ఉంటుంది. ఇంట్లో ఎవరిని అడిగినా తాము పెట్టింది కొంచెమేనంటారు, అది నిజమే కూడా. కానీ ఆ కొంచెం కొంచెం అన్నీ కలిస్తే అంత చిన్న పొట్టకు ఒక పూట తిండి అవుతుంది.

ఒక రోజంతా కూన నోట్లోకి వెళ్లిన ప్రతిదాన్నీ ఒక కాగితం మీద రాయండి. మరునాటి నుంచి తిండి పెట్టే బాధ్యత ఒక్కరిదే కావాలి. చిరుతిళ్లు రోజు మొత్తం శక్తిలో పదో వంతు దాటకూడదు. పాలు మానేసిన కూనల్లో పాలలోని చక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది కాబట్టి పాలు పూర్తిగా ఆపేయడమే మేలు. అవి పొట్ట నింపుతాయి, పైగా విరేచనాలు తెస్తాయి. 4 నెలల వయసు వరకు రోజుకు నాలుగు పూటలు, ఆపై 6 నెలల వరకు మూడు పూటలు పెట్టి, తడి ఆహారమైతే అరగంట తర్వాత గిన్నె తీసేయాలి. ఆకలి పుట్టడానికి ఆ విరామం చాలు. మాడితే అదే తింటుందని రోజంతా పస్తు పెట్టడం మాత్రం పైన చెప్పిన హద్దును దాటడమే.

లక్షణం: వాసన చూస్తుంది, తినకుండా వెనుదిరుగుతుంది

పిల్లి తినాలా వద్దా అన్నది నాలుక కంటే ముందు ముక్కు నిర్ణయిస్తుంది. తీపి రుచి పిల్లులకు అసలు తెలియనే తెలియదు. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెట్టిన తడి ఆహారానికి వాసన ఉండదు కనుక కూన దాన్ని తిండిగానే లెక్కపెట్టదు. గిన్నెను వేడినీళ్లలో కాసేపు ఉంచి, తన ఒంటి వేడికి దగ్గరగా, అంటే 37, 38 డిగ్రీలకు తెచ్చి పెట్టండి. మైక్రోవేవ్ వాడితే అక్కడక్కడా మరిగిపోయిన ముద్దలు మిగులుతాయి కనుక బాగా కలిపి వేలితో తాకి చూడాలి.

వేడి చేసినా అంతే అయితే ముక్కు చూడండి. చల్లని స్టీలు చెంచాను కూన ముక్కుకు దగ్గరగా కొన్ని క్షణాలు పట్టుకుంటే రెండు రంధ్రాల కింద రెండు చిన్న ఆవిరి మచ్చలు పడతాయి. ఒకటే మచ్చ పడినా, రెండూ మసకగా ఉన్నా జలుబుతో ముక్కు మూసుకుపోయిందన్నమాట. గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో ముక్కు చివర తుడిచి, ఆవిరి పట్టిన గదిలో పది నిమిషాలు ఉంచి, ఆ వెంటనే తిండి పెట్టాలి. తుమ్ములు, కంటి పుసి కూడా ఉంటే వైద్యుడికి చూపించక తప్పదు.

లక్షణం: నిన్నటి దాకా ఇష్టంగా తిన్నదే ఇవాళ వద్దంటుంది

అందరూ దారి తప్పేది ఇక్కడే, అందుకే దీని గురించి కాస్త విస్తరించి చెప్పాలి. కూన ఆడుతుంది, గంతులేస్తుంది, గిన్నె చప్పుడు వినగానే పరుగెత్తుకొస్తుంది. తీరా గిన్నెకు జానెడు దూరంలో ఆగి, మెడ చాచి ఒకసారి వాసన చూసి, పెదవులు నాకుకొని, గుటక వేసి, గిన్నె పక్కన నేలను ముందు కాలితో గీరి వెళ్లిపోతుంది. పెదవులు నాకుకోవడం చూసి నోరూరుతోందని మనం మురిసిపోతాం. కడుపులో తిప్పినప్పుడు ఊరే లాలాజలం వల్ల కూడా అది సరిగ్గా అలాగే చేస్తుంది. నేల గీరడాన్ని ఒక్కదాన్నే పట్టుకొని ఏదీ తేల్చకూడదు, కడుపు నిండిన పిల్లి కూడా మిగిలిన తిండిని కప్పెట్టబోతున్నట్టు గీరుతుంది. అయితే అదే నిమిషంలో వేరే ఆహారం చెంచాడు చూపితే ఆవురావురుమని తిన్నదంటే, అది ఆకలి లేకపోవడమూ కాదు, పేచీ కూడా కాదు. ఆ ఒక్క తిండి మీద దానికి వెగటు పుట్టింది.

తిన్న కొన్ని గంటల్లో కడుపులో తేడా చేస్తే, ఆ తిండే అందుకు కారణమని జంతువు గుర్తు పెట్టుకుంటుంది. అసలు కారణం వేరే ఏదైనా సరే, అలా జరిగింది ఒక్కసారే అయినా సరే. విషాహారానికి మళ్లీ దగ్గర కాకుండా కాపాడే ఏర్పాటు ఇది కనుక, బతిమాలితేనో గద్దిస్తేనో పోదు.

ఈ వెగటు పుట్టించేది చాలాసార్లు మనమే. కూనలకు చిన్న వయసులో నులిపురుగుల మందు సాధారణంగా రెండు వారాలకోసారి వేయవలసి వస్తుంది. మందు చేదు తెలియకుండా ఉండాలని, ఇంట్లో ఉన్నవాటిలో వాసన బాగా ఉన్నదాన్ని, కూన అన్నిటికంటే ఇష్టపడేదాన్ని ఎంచుకొని అందులో కలుపుతారు. రుచిగల దాంట్లో దాచాలన్న ఆ ఆలోచనే కొంప ముంచుతుంది, ఎందుకంటే పోయేది సరిగ్గా ఆ మంచి తిండే. టీకా వేయించి నలతగా ఉన్న రోజున బుజ్జగింపుగా కొత్త తిండి మొదలు పెట్టడం రెండో దారి. ఒక్క పూటలో ఆహారం మొత్తం మార్చేసి విరేచనాలు తెప్పించడం మూడోది. తినడం లేదని సిరంజితో బలవంతంగా నోట్లోకి ఎక్కించడం నాలుగోది, దీనివల్ల సగం ఉన్న వెగటు పూర్తవుతుంది. కాబట్టి ఈ లక్షణం కనిపించినప్పుడు ఇవాళ్టి గిన్నెను కాదు, గడిచిన వారం రోజులను పరిశీలించాలి. మందు ఏ రోజు వేశారు, దేనిలో కలిపి పెట్టారు, ఆ తర్వాత వాంతి గాని విరేచనం గాని అయ్యిందా అన్న మూడు ప్రశ్నలకు జవాబులు దొరికితే కారణం దాదాపు దొరికినట్టే.

పరిష్కారంలో మొదటి మెట్టు ఆ తిండిని పూర్తిగా ఆపడం. మామూలుగా ఆహారం మార్చేటప్పుడు పాతదానిలో కొత్తది కలుపుతూ పోవాలంటారు, అది సరైన సలహాయే. వెగటు పుట్టిన చోట మాత్రం ఆ సలహా బెడిసికొడుతుంది; వెగటైనదాన్ని కొంచెం కలిపినా ఆ వాసన అంటి, శుభ్రమైన రెండో తిండి కూడా చెడిపోతుంది. కనీసం రెండు మూడు వారాల పాటు ఆ ప్యాకెట్టు వాసన కూడా కూనకు తగలకుండా చూడండి.

కొత్తది ఎంచుకునేటప్పుడు మాంసం రకమూ మారాలి, తీరూ మారాలి. పాతది మెత్తని ముద్ద అయితే కొత్తది రసంలో ముక్కలుగా ఉన్నదో, పొడి గుళికలో కావాలి. గిన్నె బదులు వెడల్పాటి పళ్లెం, ఆ మూల బదులు వేరే గది. మొదటిసారి చెంచాడే పెట్టి, దగ్గర కూర్చొని చూడకుండా అవతలికి వెళ్లిపోవాలి. అయితే ఇదంతా కడుపులో తిప్పడం పూర్తిగా తగ్గాకే. ఇంకా లాలాజలం కారుతూ, గుటకలు వేస్తూ ఉన్న కూన ముందు కొత్తగా కొన్న శ్రేష్ఠమైన ఆహారాన్ని పెడితే దాన్ని కూడా పోగొట్టుకుంటారు. ఆ రోజుల్లో అది ఏది తింటే అది పెట్టి, వికారం తగ్గే మందు గురించి వైద్యుడిని అడగండి.

ఇకముందు మందును తిండిలో కలపవద్దు. తిండి పెట్టని గదిలో, సూది లేని సిరంజిని బుగ్గ సందులో పెట్టి కొద్దికొద్దిగా వదలండి. ఆహారంతోనే వేయాలన్న మందైతే ముందు మామూలుగా తిననిచ్చి ఆ తర్వాత వేయవచ్చునేమో వైద్యుడిని అడిగి తెలుసుకోండి. వెగటు పుట్టిన తిండిని కొన్ని వారాల తర్వాత వేరే పళ్లెంలో చిటికెడు పెట్టి చూడవచ్చు. మళ్లీ వెనుదిరిగితే దాన్ని మరిచిపోండి, అవే పోషకాలు వేరే ఆహారంలోనూ దొరుకుతాయి.

లక్షణం: ఉడికించిన మాంసం తప్ప ఇంకేమీ తినదు

తింటోంది కదా అని సంతోషించేవారికి ఈ లక్షణం లక్షణంలాగే కనిపించదు. ఉత్త కండ మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం అతి తక్కువ. ఆ లోటు పూడ్చుకోవడానికి శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తుంది కనుక పెరిగే వయసులోని కూన కుంటుతుంది, చిన్న దూకుడుకే కాలు విరుగుతుంది. టారిన్ అనే అమైనో ఆమ్లం కూడా పిల్లికి తిండిలోనే అందాలి. అది చాలకపోతే కంటిచూపు దెబ్బతింటుంది. పిల్లుల్లో గుండె కండరం బలహీనపడే జబ్బుకూ ఈ లోటుకూ ఉన్న సంబంధం 1987లో బయటపడింది. ఉడికించిన నీటిలోకి టారిన్ దిగిపోతుంది, ఆ నీటిని మనం పారబోస్తాం.

ఎదిగే కూనలకు లేదా అన్ని వయసుల పిల్లులకు సంపూర్ణాహారమని లేబుల్ మీద రాసి ఉన్నదే ఎంచుకోండి. అమెరికా ప్రమాణాల ప్రకారం కూనల ఆహారంలో నీరు తీసేశాక కనీసం 30 శాతం మాంసకృత్తులు ఉండాలి. తడి ఆహారం డబ్బా మీద 10 శాతమే కనబడిందని బెదరనక్కర లేదు. 78 శాతం నీరైతే మిగిలిన 22లో 10 అంటే దాదాపు 45 శాతం. ఈ సంపూర్ణాహారాన్ని మొదట మాంసం ముక్కల కింద చిటికెడు, రెండు మూడు రోజులకు పావు వంతు, ఆపై సగం, ఇలా వారం పది రోజుల్లో మార్చాలి. మధ్యలో తినడం తగ్గిస్తే ఒక మెట్టు వెనక్కి వెళ్లి అక్కడ రెండు రోజులు ఆగండి. వెగటు లేదని తేలిన కూనకే ఈ పద్ధతి.

ఇక అరుదైనవి

మూడున్నర నెలల నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి, అప్పుడు గుళికలు నమలలేకపోతే నీళ్లలో నానబెట్టి ఇస్తే సరిపోతుంది. గిన్నె పక్కనే కూన మలమూత్రాలకు వాడే లిట్టర్ పెట్టె ఉంటే దూరంగా జరపండి. అంగుడు చీలి ఉండడం, కాలేయానికి వెళ్లే రక్తనాళంలో పుట్టు లోపం వంటివి నూటికో కోటికో ఉంటాయి. తిన్నది ముక్కులోంచి రావడం, వయసుకు తగ్గట్టు ఎదగకపోవడం, తిన్నాక చొంగ కారుతూ మత్తుగా ఉండడం వాటి గుర్తులు, ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు. వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు బరువులు రాసిన కాగితం, ఆహారం ప్యాకెట్టు లేబుల్, మందు వేసిన తేదీలు వెంట తీసుకువెళ్లండి. ఆయన మొదట అడిగేవి అవే.