చలి ముదరకముందే ఉబ్బసం పిల్లలకు నేర్పాల్సిన వ్యాయామాలు

దీపావళి పొగ, వరి నూర్పుల దుమ్ము, ధనుర్మాసపు మంచు, చివర్న భోగిమంట. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఉబ్బసం ఉన్న పిల్లలకు ఈ మూడు నెలలూ గడ్డుకాలమే. వ్యాయామాలు ఆయాసం వచ్చాక కాదు, ఒంట్లో బాగున్నప్పుడే నేర్పాలి. ఇవి మందుకు బదులు కావు. డాక్టరు రోజూ వాడమన్న ఇన్‌హేలర్‌ను "ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా" అని మానేస్తే ఎంత వ్యాయామం చేయించినా దండగే.

ఉబ్బసంలో గాలి లోపలికి పోవడం కంటే బయటికి రావడమే కష్టం. ఊపిరి గొట్టాలు బిగుసుకుని పాత గాలి లోపలే నిలిచిపోతుంది. దాంతో ఛాతీ ఉబ్బి, భుజాలు చెవుల దాకా లేచి, మెడ ముందుకు సాగి, వీపు వంగుతుంది. అందుకే "గట్టిగా పీల్చు నాన్నా" అనకండి, "మెల్లిగా వదులు" అనండి.

ముందు చొక్కా విప్పి, మడమలు గోడకు నాలుగు వేళ్ల దూరంలో ఉంచి, వీపు ఆనించి నిలబెట్టండి. గడ్డం పైకెత్తకుండా తల గోడకు తగలాలి. తగల్లేదంటే మెడ ముందుకొచ్చేసినట్టే.

తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, బొడ్డు మీద పావుకిలో బియ్యం మూట పెట్టండి. ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేదాకా పీల్చాలి, మూట లేవాలి. దీపం ఆరిపోకుండా ఊదినట్టు పెదాలు ముడిచి నాలుగు అంకెల దాకా వదలాలి. మూట కదలకుండా భుజాలు లేస్తుంటే పిల్లాడి చేతినే మూట మీద పెట్టించండి, తేడా వాడికే తెలుస్తుంది. ఐదుసార్లు చేసి కాసేపు ఆగి, మళ్లీ ఐదుసార్లు. తల తిరిగినా వేళ్లు తిమ్మిరెక్కినా ఊపిరి ఎక్కువ తీసేస్తున్నట్టు, ఆపేయండి.

భుజాలు వెనక్కి రావడానికి గుమ్మమే చాలు. రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి, ఒక కాలు ముందుకేసి, ఛాతీ సాగేలా 20 సెకన్లు, మూడుసార్లు. నొప్పి పుట్టేంత వద్దు. బడి సంచి రెండు భుజాలకూ వేయించండి, బరువు పిల్లాడి బరువులో పదో వంతు దాటకూడదు.

పరుగు, కబాడీ మాన్పించక్కర్లేదు. ముందు పది నిమిషాలు నడక, నెమ్మది పరుగు చేయించండి. ఆట ఆపిన ఐదు, పది నిమిషాలకు దగ్గు, పిల్లికూతలు వస్తుంటే డాక్టరుకు చెప్పండి. ఆటకు పావుగంట ముందు ఇన్‌హేలర్ వాడమని ఆయన చెప్పవచ్చు. మంచు విడిచేదాకా మైదానానికి పంపకండి. కపాలభాతి, భస్త్రికలాంటి వేగమైన ఊపిరి పనులు వద్దు, గొట్టాలు ఎండి ఇంకా బిగుస్తాయి.

భోగినాడు మంట పూర్తిగా ఆరి, బూడిద మీద నీళ్లు చల్లేదాకా తలుపులు మూసి లోపలే ఉంచండి. అందరూ మంట దగ్గరుంటే పిల్లాడు మారాం చేస్తాడు. పిడకల దండ ముందురోజే వాడి చేత గుచ్చించి, మీరే వేయండి.

ఆయాసం మొదలైతే వ్యాయామాలన్నీ ఆపేయాలి. పడుకోబెట్టకుండా, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంచి కూర్చోబెట్టండి. ఆయాసానికి ఇచ్చిన ఇన్‌హేలర్‌ను ఊపి, స్పేసర్‌లో (ఇన్‌హేలర్‌కు తగిలించే బోలు గొట్టం) ఒక్కసారే నొక్కి, ఐదారు ఊపిర్లు తీయించాకే మళ్లీ నొక్కండి. ఎన్నిసార్లన్నది డాక్టరు రాసిచ్చిన చీటీ ప్రకారమే. డొక్కలెగరేస్తున్నా, మాట ముక్కలుగా వస్తున్నా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయండి. చలిగాలిలో బైకు ముందు కూర్చోబెట్టుకుని బయల్దేరకండి.