తొలి ట్రయాథ్లాన్‌కు భారీ శరీరం గల మహిళల దుస్తులు

750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు ఉండే స్ప్రింట్ ట్రయాథ్లాన్‌ను సాధారణంగా ఒకే జత బట్టలతో ముగిస్తారు కనుక, ముందుగా ఆలోచించవలసినది తొడల ఒరిపిడి గురించే. తడి తొడలు రాసుకుని కమిలిపోకుండా, మోకాలి పైదాకా వచ్చి, పైకి చుట్టుకుపోని, సాగే నైలాన్-స్పాండెక్స్ బట్ట షార్ట్స్ ఎంచుకోవాలి. గజ్జల్లోను, చంకల్లోను, బ్రా పట్టీ కిందను వాసెలిన్ రాసుకోవాలి. పొందూరు ఖద్దరు మన శ్రీకాకుళానికి ఎంత గర్వకారణమైనా, నూలు బట్ట నీరు పీల్చుకుని బరువెక్కుతుంది కనుక ఇక్కడ పనికిరాదు. పైభాగం, కింది భాగం విడివిడిగా ఉన్న జతే మేలు. మరుగుదొడ్డికి వెళ్లవలసి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. పోటీకి ముందొక ఉదయం కళింగపట్నం తీరాన ఆ బట్టలను తడిపి వేసుకుని, సైకిల్ తొక్కి, పరుగెత్తి, ఏ కుట్టు ఎక్కడ ఒరుసుకుంటుందో చూసుకోవాలి.