ప్రభుత్వ సిబ్బంది పనిని ఫోన్‌లోకి తేవడం ఎలా?

వార్డు ఆఫీసులో బల్ల మీద కొత్త ట్యాబ్, దాని పక్కనే పాత రిజిస్టరు. పొద్దున వీధిలో ట్యాబ్‌లో ఎక్కించిన వివరాలనే సాయంత్రం కూర్చుని రిజిస్టరులో మళ్లీ రాయాలి. ఈ రెండో పని ఆగనంతకాలం ఫోన్ సిబ్బందికి బరువే. ప్రభుత్వ ఆఫీసుల్లో మొబైల్ ప్రయత్నాలు మూలపడటానికి ఇదే పెద్ద కారణం. బెంగళూరులో పౌరులు ఫోన్‌లోనే ప్రభుత్వ సేవలు పొందే ‘కర్ణాటక మొబైల్ వన్’ 2014లోనే వచ్చింది. సేవ అందించే ఉద్యోగి చేతిలో పని తేలికపడాలంటే మాత్రం కింది క్రమం తప్పకూడదు. ఇందులో ఫోన్ కొనడం మధ్యలో వస్తుందే తప్ప మొదట రాదు.

ముందు ఒక్క పని ఎంచుకోండి

‘ఆఫీసంతా డిజిటల్’ అని మొదలుపెట్టకండి. రోజూ జరిగేది, ఆఫీసు బయట జరిగేది, ఏడెనిమిది వివరాలతో ముగిసేది ఒక్కటి తీసుకోండి. చెత్త కుప్పలు పడే చోట్ల తనిఖీ, వీధి దీపాల ఫిర్యాదు, ఇంటి కొలతల పరిశీలన లాంటివి ఇందుకు సరిపోతాయి. ఆ పని చేసేవారి వెంట రెండు రోజులు తిరగండి. ఒక్కో నమోదుకు ఎన్ని నిమిషాలు పడుతోంది, ఒకే పేరు ఎన్నిచోట్ల రాస్తున్నారు, ఎక్కడ సిగ్నల్ పోతోంది అన్నవి రాసుకోండి. మూడు నెలల తర్వాత లాభం తేల్చేటప్పుడు పోల్చుకోవడానికి ఈ లెక్కే ఆధారం.

రిజిస్టరు ముగింపు ఉత్తర్వు సిద్ధం చేయండి

సాఫ్ట్‌వేర్ తయారీకి ముందే ఈ ఉత్తర్వు ముసాయిదా ఫైల్లో ఉండాలి. ఐటీ చట్టం, 2000లోని 4వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డుకు చట్టబద్ధత ఇచ్చింది. అయినా ‘ఆడిట్‌కు ఏం చూపించాలి?’ అన్న భయంతో సిబ్బంది కాగితం వదలరు. ఆ భయం న్యాయమైనదే. ఉత్తర్వులో నాలుగు సంగతులు స్పష్టంగా ఉండాలి: ఏ రిజిస్టరు, ఏ తేదీ నుంచి ఆగుతుంది, దాని బదులు ఏ నివేదిక చెల్లుతుంది, ఆ నివేదిక ప్రింటును ఏ అధికారి ధ్రువీకరిస్తారు. కోర్టుకు వెళ్లే అవకాశమున్న రికార్డులైతే భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ కోరే సర్టిఫికెట్ ఎవరు ఇవ్వాలో కూడా రాయండి. కాగితం, ఫోన్ రెండూ కలిసి నడిచే గడువు 30 రోజులు దాటనివ్వకండి.

ఫారం: బెంగళూరు చిక్కులు

టైపింగ్ ఎంత తగ్గితే అంత మంచిది. జాబితాలోంచి ఎంచుకోవడం, ఫొటో, అవును/కాదు బటన్లు చాలు. చేతివేళ్లు తడిగా ఉన్నా, గ్లవ్స్ ఉన్నా నొక్కగలిగేంత పెద్దవిగా బటన్లుండాలి.

చిరునామాను టైపు చేయించొద్దు. ఈ ఊళ్లో ‘7వ క్రాస్, 2వ మెయిన్’ ప్రతి లేఅవుట్‌లోనూ ఉంటుంది. ఆస్తి గుర్తింపు నంబరు కొడితే మిగతా వివరాలు వాటంతటవే రావాలి. పేరుతో వెతకనిస్తే ‘లక్ష్మమ్మ’ ఒక రికార్డులో ఇంగ్లీషు ‘ఎక్స్’తో, ఇంకోదాంట్లో ‘కేఎస్’తో ఉండి రెండూ వేర్వేరు మనుషులైపోతారు.

వార్డు నంబర్లను యాప్‌లోనే పాతేయకండి. ఏళ్లపాటు 198 వార్డుల లెక్కతో నడిచిన నగరం 2025 సెప్టెంబరులో ఐదు కార్పొరేషన్లయింది. సరిహద్దుల పట్టిక సర్వర్లో ఉంటే ఒకచోట మారిస్తే సరిపోతుంది. యాప్‌లో ఉంటే ప్రతి ఫోన్‌లోనూ మార్చాలి.

స్క్రీన్ కన్నడంలో ఉండాల్సిందే. కానీ పౌరకార్మికుల్లో (నగర పారిశుద్ధ్య సిబ్బందిలో) తెలుగు మాట్లాడేవారు చాలామంది. కన్నడం ధారాళంగా మాట్లాడుతూ, చదవడానికి మాత్రం తడుముకునేవారు వారిలో ఉంటారు. వారికి బొమ్మ గుర్తులు, తెలుగులో వినిపించే మాట రెండూ పెట్టండి.

సిగ్నల్ లేనప్పుడు ఏం జరగాలి

యాప్ బతికేదీ చచ్చేదీ ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లో, పాత మార్కెట్ లోపలి గదుల్లో నెట్ ఉండదు. ‘సబ్మిట్’ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటుంది, మనిషి విసిగి యాప్ మూసేస్తాడు, నమోదు పోతుంది. అందుకే నమోదు ముందు ఫోన్‌లోనే భద్రపడాలి, నెట్ వచ్చాక దానంతటదే వెళ్లాలి. భద్రపడితే పసుపు గుర్తు, సర్వర్ చేరితే పచ్చ గుర్తు కనిపించాలి.

ప్రతి నమోదుకూ ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఫోన్‌లోనే పుట్టాలి. సర్వర్ ఇచ్చేదాకా ఆగితే, నెట్ తెగి రెండోసారి పంపినప్పుడు ఒకే తనిఖీ రెండుగా నమోదవుతుంది. ఫోన్ గడియారాన్ని మార్చే వీలు లేకుండా తాళం వేయండి. ఫోన్ సమయం, సర్వర్‌కు చేరిన సమయం రెండూ దాచండి.

ఫొటోల లెక్క చూడండి. రోజుకు 50 ఇళ్లు, ఇంటికి 3 ఫొటోలు, ఒక్కోటి 4 ఎంబీ అనుకుంటే 600 ఎంబీ అవుతుంది. పొడవు వైపు 1,600 పిక్సెళ్లకు కుదించి 300 కేబీ దగ్గర ఉంచితే 45 ఎంబీయే. ఇంటి నంబరు పలక అప్పుడూ చదవడానికి వీలుగానే ఉంటుంది.

ఇంకో దొంగ శత్రువు బ్యాటరీ సేవర్. చాలా కంపెనీల ఫోన్లు తెర ఆరగానే వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తాయి. పసుపు గుర్తులు పచ్చబడకుండా పేరుకుపోతే ముందు చూడాల్సింది ఇదే. మీ యాప్‌కు మినహాయింపు ఇచ్చే సెట్టింగు ఫోన్లు పంచడానికి ముందే పెట్టేయాలి.

జీపీఎస్ ఆరుబయట కొద్ది మీటర్ల తేడాతో చోటు చూపిస్తుంది. చిక్‌పేట లాంటి ఇరుకు సందుల్లో సంకేతాలు గోడలకు తగిలి వంకరగా చేరతాయి, తేడా పదుల మీటర్లకు పోతుంది. ‘మీరు సరైన చోట లేరు’ అని నమోదును తిరస్కరించే యాప్ అక్కడ నిజాయితీగా పనిచేసే మనిషిని అబద్ధాలకోరును చేస్తుంది. నమోదు తీసుకోండి, తేడా ఎంతో పక్కన రాయండి, 30 మీటర్లు దాటినవాటిని పై అధికారి పరిశీలనకు పంపండి. రోజంతా చోటు వెంటాడొద్దు. నమోదు నొక్కిన క్షణంలో ఒక్కసారి తీసుకుంటే బ్యాటరీ సాయంత్రం దాకా వస్తుంది.

ఇప్పుడు ఫోన్లు

కొనుగోలు ప్రభుత్వ ఆఫీసుల కొనుగోళ్లకున్న జెమ్ పోర్టల్ ద్వారానైనా, టెండరు ద్వారానైనా, వీటిపై రాజీ పడకండి: 6 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజీ, 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ, ఎండలో కనిపించే తెర, కొన్న రోజు నుంచి కనీసం 4 ఏళ్ల భద్రతా అప్‌డేట్లపై కంపెనీ రాతపూర్వక హామీ. వానలో పనిచేసేవారికి నీళ్లు, దుమ్ము లోపలికి పోని ఐపీ 68 రకం తీసుకోండి. తడిసిన తెర వేలిని సరిగా గుర్తించదు కాబట్టి నీళ్లు లోపలికి పోకపోవడం ఒక్కటే చాలదు, తుడుచుకోవడానికి గుడ్డ, ఫోన్‌కు మెడతాడు కూడా కిట్‌లో ఉండాలి. 100 మందికి 110 ఫోన్లు కొనండి. పాడైన రోజే బదులు ఫోన్ అందకపోతే రిజిస్టరు మళ్లీ బల్ల మీదికి వస్తుంది. రెండు కంపెనీల సిమ్‌లు తీసుకుని, వార్డులో ఏది బాగా అందుతుందో చూసి ఇవ్వండి.

ఫోన్‌ను ఆఫీసు అధీనంలోకి తేవడం

ఫోన్లన్నిటినీ ఒకచోట నుంచి నిర్వహించే సాఫ్ట్‌వేర్‌ను ఎండీఎం అంటారు. ఆండ్రాయిడ్‌లో పద్ధతి ఇదీ:

1. కొత్త ఫోన్ ఆన్ చేయండి. స్వాగతం తెర మీద ఒకేచోట వరుసగా 6 సార్లు తట్టండి. క్యూఆర్ స్కానర్ తెరుచుకుంటుంది.
2. ఎండీఎం ఇచ్చిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, వైఫైకి కలపండి. అనుమతించిన యాప్‌లు వాటంతటవే దిగుతాయి.
3. 6 అంకెల పిన్ తప్పనిసరి చేయండి. తెలియని చోట్ల నుంచి యాప్‌లు ఎక్కించే దారి మూసేయండి.
4. *#06# కొట్టి వచ్చే ఐఎంఈఐ నంబరును (ఒక్కో ఫోన్‌కు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఉద్యోగి పేరు ఎదుట స్టాకు పుస్తకంలో రాయండి.

తొందరలో ఎవరైనా ముందే సొంత గూగుల్ ఖాతాతో ఫోన్ తెరిచేస్తే ఈ దారి మూసుకుపోతుంది. ఆ ఖాతా తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి మళ్లీ మొదలెట్టాలి.

సొంత ఫోన్‌లోనే ఆఫీసు పని చేయిస్తుంటే ‘వర్క్ ప్రొఫైల్’ వాడండి. చిన్న బ్రీఫ్‌కేసు గుర్తున్న యాప్‌లే ఆఫీసువి. వ్యక్తిగత ఫొటోలు, మెసేజ్‌లు ఆఫీసుకు కనబడవు, చెరిపినా ఆఫీసు భాగమే పోతుంది. ఈ సంగతి సిబ్బందికి తెర మీద చూపించి చెప్పండి, సర్క్యులర్ అంటిస్తే అనుమానం పోదు.

పౌరుల ఆధార్ ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరగడాన్ని మొదటి రోజే ఆపాలి. అవి ప్రతి సభ్యుడి గ్యాలరీలోనూ, అక్కణ్నుంచి సొంత బ్యాకప్‌లోనూ చేరతాయి, వెనక్కి తీసుకునే దారి ఉండదు. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసిన మెసేజింగ్ యాప్ ‘సందేశ్’ ఉంది, వాడండి. ఆధార్ తప్పనిసరైన చోట మొదటి 8 అంకెలు దాచిన ప్రతి చాలు.

శిక్షణ, హాజరు

ఒక్కో జట్టుకు 15 మంది, 2 గంటలు, హాల్లో కాకుండా వీధిలో. మేస్త్రీ పక్కన నిలబడి ‘అక్కా, పచ్చ గుర్తు వచ్చిందా చూడు. పసుపుంటే దిగులు పడొద్దు, సిగ్నల్ రాగానే అదే పోతుంది’ అని తెలుగులో చెప్తే గంట ఉపన్యాసం అక్కర్లేదు. వారం తర్వాత మళ్లీ గంటసేపు కలవండి. అసలు ప్రశ్నలు అప్పుడే వస్తాయి.

ముఖం గుర్తించే హాజరు పెడితే జాగ్రత్త. తెల్లవారుజామున మసక వెలుతురులో, తలకు గుడ్డ చుట్టుకుని ఉన్నప్పుడు యాప్ గుర్తుపట్టకపోవచ్చు. మూడు ప్రయత్నాల తర్వాత మేస్త్రీయే ఫొటో తీసి హాజరు వేసే దారి ఉండాలి. యంత్రం తప్పుకు మనిషి కూలి కోయకూడదు. ఈ మాట ఉత్తర్వులోనే రాయండి.

ఫోన్ పోతే, ఉద్యోగి వెళ్లిపోతే

పోయిన ఫోన్ గురించి చెప్పినవారిని ముందు తిట్టకండి. తిడతారంటే రెండు రోజులు దాస్తారు. హెల్ప్‌డెస్క్ వెంటనే ఎండీఎం నుంచి లాక్, ఆపై వైప్ (ఫోన్‌లోని డేటా చెరిపే) ఆదేశం ఇవ్వాలి. నెట్ లేని ఫోన్‌కు ఆదేశం చేరదు కాబట్టి ఆ పిన్నే అప్పటికి రక్ష. తర్వాత పోలీసు ఫిర్యాదు, డూప్లికేట్ సిమ్, టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్లో ఐఎంఈఐ బ్లాక్. పౌరుల డేటా బయటికి పొక్కిందని తేలితే, తెలిసిన 6 గంటల్లోపు కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు నివేదించాలి. ఆ సంస్థ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు ప్రభుత్వ సంస్థలకూ వర్తిస్తాయి.

బదిలీ అయినా, రిటైరైనా ఫోన్ అప్పగించే రోజు క్రమం ఒకటుంది. పసుపు గుర్తులేవీ మిగల్లేదని చూడండి, ఆ ఉద్యోగి లాగిన్ మూసేయండి, ఎవరైనా సొంత గూగుల్ ఖాతా చేర్చి ఉంటే వారి చేతే తీయించండి, ఆ తర్వాతే రీసెట్. ఖాతా ఉండగానే రీసెట్ చేస్తే ఫోన్ పాత యజమాని పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చునే ప్రమాదముంది. వీడ్కోలు సభ అయిపోయి ఆయన ఊరెళ్లాక ఆ పాస్‌వర్డ్ కోసం ఫోన్ చేయాల్సి రాకుండా, నో-డ్యూస్ కాగితం మీద సంతకానికి ముందు ఈ పని ముగించండి.